గులాబీ ప్లేట్లలో గాలి బుడగలు: పాత అమెరికా గాజుపై పాఠకుల సందేహాలు

ప్రశ్న: ఒహాయోలో ఒక పాత ఇంటి సామాను అమ్మకానికి పెడితే గులాబీ రంగు గాజు ప్లేట్లు కొన్నాము. అవి ‘డిప్రెషన్ గ్లాస్’ అని చెప్పి అమ్మారు. వాటిలో సన్నని గాలి బుడగలు, అంచున అచ్చు అతుకు గీత కనిపిస్తున్నాయి. నకిలీవి అంటగట్టారేమోనని అనుమానంగా ఉంది.

జవాబు: బుడగలను, అతుకు గీతను బట్టి వాటిని నకిలీవని తీర్మానించనక్కరలేదు. అసలు సరుకులోనే అవి సర్వసాధారణం. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో (‘డిప్రెషన్’ అంటే అదే) మిగతా ఖర్చులు తగ్గించుకున్న కుటుంబాలు కూడా కొనగలిగేంత చవకగా ఈ సామాను తయారైంది. హాకింగ్, జెన్నెట్, ఫెడరల్, హేజెల్-అట్లాస్ వంటి కర్మాగారాల్లో కరిగిన గాజు కొలిమి తొట్టి నుంచి నేరుగా యంత్రపు అచ్చుల్లోకి దిగేది. తర్వాత ఒక్కొక్క వస్తువును చేత్తో నునుపు చేసే పనిని పూర్తిగా వదిలేశారు. ఒహాయోలోని లాంకాస్టర్‌లో ఉన్న హాకింగ్ సంస్థ 15 అచ్చుల యంత్రంతో నిమిషానికి 90 వస్తువులు తీసి, మంచినీళ్ల గ్లాసులను 5 సెంట్లకు రెండు చొప్పున అమ్మింది. ఓట్స్ డబ్బాల్లోనూ, సినిమా టికెట్లతోనూ ఈ గాజును ఉచితంగా ఇచ్చిన రోజులున్నాయి. అంత వేగంలో బుడగ కనిపించిన ప్రతి ప్లేటునూ పక్కన పడేస్తే ఆ ధర గిట్టదు.

మీ ప్లేట్ల నిండా తీగలో, పూలో, గళ్లో ఉండి ఉంటాయి. ఆ నగిషీ అందం కోసమే కాదు, లోపాలు కనబడకుండా ఉండడానికి కూడా. ఈ ఉపాయం అంతకు వందేళ్ల ముందుదే. మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్ పట్టణంలో డెమింగ్ జార్వెస్ 1825లో గాజు కర్మాగారం పెట్టిన కాలానికే, కరిగిన గాజు ముద్దను ఇనుప అచ్చులో వేసి, మీట సాయంతో పైనుంచి నొక్కే పద్ధతి అమెరికాలో రూపుదిద్దుకుంటోంది. ఊదడంలో ఆరితేరిన పనివాడు లేకపోయినా, సాన పట్టే ఖర్చు లేకపోయినా, నగిషీ ఉన్న పళ్లెం తయారయ్యేది. అయితే ఇనుము తగిలిన చోట గాజు పైపొర చప్పున చల్లారి, ముడతలు పడి, మెరుపు కోల్పోయేది. అందుకే అచ్చు లోపలి భాగమంతా సన్నని చుక్కలతో నింపారు. ఆ చుక్కల మీద వెలుగు చెదిరిపోయి, మసక స్థానంలో వెండి మెరుపు కనిపించేది. ‘లేసీ గ్లాస్’గా పేరుపొందిన ఆ పళ్లేల కంటె అందమైన పని అమెరికా గాజులో మరొకటి లేదని నా అభిప్రాయం, ఖరీదైన గాజుకు పేరుపడ్డ టిఫనీ సంస్థ అభిమానులు మన్నించాలి.

ధర దిగడానికి మరో కారణం గాజులో కలిపే సరుకే. 1864లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో విలియం లైటన్ సీసం అక్కరలేని సోడా-సున్నపు మిశ్రమాన్ని మెరుగుపరిచాడు. అది చవక, తేలిక, తెల్లగానూ ఉండేది. సీసపు గాజును వేలితో మీటితే గంటలా మోగుతుంది, సోడా గాజు పొడిగా పలుకుతుంది. మీ ప్లేట్లు రెండో తరహావి.

ఇక నకిలీల సంగతి. ఈ సామానులో చాలా భాగానికి తయారీదారు ముద్ర ఉండదు కనుక నగిషీని బట్టే గుర్తుపట్టాలి. ఫెడరల్ సంస్థ 1930లలో చేసిన ‘మాడ్రిడ్’ నగిషీని 1976లో తేదీ గుర్తుతో మళ్లీ విడుదల చేశారు. ఆ తర్వాత అది ఇండియానా గ్లాస్ చేతికి వెళ్లి, వేరే రంగుల్లోనూ వచ్చింది. జెన్నెట్ వారి ‘చెర్రీ బ్లాసమ్’కు 1970ల నుంచీ నకళ్లున్నాయి. మీవి ఈ రెండు నగిషీలలో ఒకటైతే మాత్రం తెలిసినవారికి చూపించండి.

ప్రశ్న: నారింజ రంగు గిన్నె మీద సప్తవర్ణాల మెరుపు ఉంది. అది పైపూతేనా? తోమితే పోతుందా?

జవాబు: పైపూతే, కాని రంగు వేసినట్టు వేసింది కాదు. గాజు ఇంకా వేడిగా ఉండగానే లోహ లవణాల ద్రావణాన్ని దాని మీద చల్లుతారు. ఆ పొర గాజుకే అంటుకుపోతుంది. మామూలుగా కడిగితే పోదు; గరుకు పీచు, పాత్రలు కడిగే యంత్రం మాత్రం వద్దు. టిఫనీ, స్టూబెన్ సంస్థల ఖరీదైన మెరుపు గాజుకు చవక ప్రత్యామ్నాయంగా ఫెంటన్ సంస్థ 1907 ప్రాంతంలో దీనిని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు దీనిని కార్నివాల్ గ్లాస్ అంటారు. గిన్నెను వెలుతురుకు ఎత్తి, మెరుపు పలచగా ఉన్న అడుగు భాగం గుండా చూడండి. అక్కడ గాజు రంగులేకుండా ఉంటే అది ‘మారిగోల్డ్’ రకం.

ప్రశ్న: అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా వెలిగితే అది పాత గాజు అని నమ్మవచ్చునా?

జవాబు: నమ్మలేము. గట్టిగా ఆకుపచ్చగా వెలిగితే అందులో రంగు కోసం కలిపిన యురేనియం ఉందని అర్థం, అంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం యురేనియాన్ని తన అధీనంలో ఉంచుకోవడంతో యురేనియం గాజు తయారీ ఆగింది. 1958 తర్వాత అణు ఇంధన తయారీలో మిగిలిపోయే ‘డిప్లీటెడ్’ యురేనియంతో మళ్లీ సాగింది. కనుక వెలిగే గిన్నె 1930లది కావచ్చు, 1990లది కూడా కావచ్చు. మసకగా వెలిగే గాజులో మాంగనీసు మాత్రమే ఉండవచ్చు. యురేనియం గాజును అలమరలో పెట్టుకోవడానికి భయం లేదు, పులుపు పదార్థాలు నిలవ ఉంచకుండా ఉంటే చాలు.