శుక్రవారం దీపం లక్ష్మీదేవికే అనుకున్నాం
ప్రయాణాల్లో అనుకోకుండా మీ ఇంటి మూలాలు ఎవరికైనా తగిలాయా అని అడిగారు కదా, నాకు కొచ్చిలో తగిలాయి, అదీ చెప్పులు విప్పే చోట.

మా అమ్మమ్మది బొంబాయి. తాతయ్యది భీమవరం దగ్గర పల్లెటూరు, బొంబాయిలో రైల్వేలో చేసేవారు, ప్రేమ పెళ్లి, రిటైరయ్యాక ఊరికొచ్చేశారు. అమ్మమ్మ మరాఠీ ఆవిడ అన్నంత వరకే మాకు తెలుసు. శుక్రవారం పొద్దుగూకకముందే దీపం పెట్టేది, వీధిలో వాళ్లు లక్ష్మీదేవికి అనుకునేవాళ్లు. శనివారం పొయ్యి వెలిగించేది కాదు, వెంకన్నకి ఒక్కపొద్దు అనుకునేవాళ్లు. ఆవిడా అవుననలేదు, కాదనలేదు. ఒక్క రొయ్యల దగ్గరే గొడవ, భీమవరం పక్కన ఉంటూ రొయ్య గడప దాటి రాకూడదంటే ఎలాగండీ, తాతయ్య పాపం చెల్లెలింటికెళ్లి తినొచ్చేవారు.

ఆవిడ పోయిన చాన్నాళ్లకి, 2019లో, ఆఫీసు పని మీద కొచ్చి వెళ్లి ఒక పూట ఖాళీ దొరికితే మట్టాంచేరి పోయా. 1568లో కట్టిన పరదేశి సినగాగ్ అక్కడే, యూదుల ప్రార్థనా మందిరం, నేలంతా నీలం తెలుపు చైనా టైల్స్, చెప్పులతో వెళ్లనివ్వరు. నా ముందు డెబ్బై దాటిన పెద్దావిడ కూతురితో మరాఠీలో ఏదో అంటూ గుమ్మం కుడి పక్క చెయ్యి ఆనించి ఆ వేళ్లు ముద్దుపెట్టుకుంది. అక్కడే ఆగిపోయా. అమ్మమ్మ అచ్చం ఇలాగే చేసేది, మా ద్వారబంధానికి ఏమీ ఉండేది కాదు, వట్టి చెక్క, అయినా వెళ్తూ వస్తూ తాకేది.

వచ్చీరాని హిందీలో అడిగేశా. యూదుల ఇళ్లలో గుమ్మానికి మెజూజా అని చిన్న గొట్టం బిగిస్తారంట, లోపల తోలు మీద రాసిన ప్రార్థన చుట్టి పెడతారంట. వీళ్లు ఇజ్రాయెల్ నుంచి వచ్చిన బెనె ఇజ్రాయెల్ అనే మరాఠీ యూదులు, అసలు ఊళ్లు కొంకణ తీరం, ఒకప్పుడు గానుగ వృత్తి, శనివారం గానుగ ఆపేస్తారని చుట్టుపక్కల వాళ్లు 'శనివార్ తేలీ', అంటే శనివారం గానుగవాళ్లు, అనేవాళ్లంట. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకేదాకా యూదులకి విశ్రాంతి రోజంట, ముందే దీపం పెట్టేసి ఇంక నిప్పు రాజెయ్యరంట. పొలుసు లేని చేపే ముట్టరు, ఇంక రొయ్యలేం తింటారు! ఆ పెద్దావిడ మా అమ్మమ్మ పుట్టింటి పేరు అడిగింది, చివర 'కర్' ఉంది, చెప్పానో లేదో అది అలీబాగ్ దగ్గర ఏ పల్లెటూరో కూడా చెప్పేసింది. "అమ్మ వాళ్లమ్మ కదా, అయితే నువ్వూ మావాడివే" అంది, వాళ్లకి యూదుతనం తల్లి వైపు నుంచే వస్తుందంట. నా దగ్గర కాగితాలేం లేవండీ అంటే పకపకా నవ్వింది, ఇజ్రాయెల్ వెళ్లాక మా పెళ్లిళ్లకే అక్కడి రబ్బీలు అడ్డం చెప్పారు, అందరిలాగే మేమూ యూదులమని ప్రభుత్వం తేల్చేసరికి 1964 వచ్చింది, కాగితాల సంగతి నాకు చెప్తావా అంది.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఏ మంచి జరిగినా అటుకుల్లో కొబ్బరి, పంచదార, పళ్లముక్కలు కలిపి పళ్లెంలో పెట్టి ఏదో చదివేదిరా, మలీదా అనేది, పీర్ల పండక్కి చేస్తారే అదేమో అనుకున్నా" అంది.

ఇప్పుడు అమ్మ కూడా శుక్రవారం ఆ దీపం పెడుతోంది. రొయ్యలు మాత్రం మాననని ముందే చెప్పేసింది.