పునాదిలో దొరికిన ముంత: కలెక్టర్‌కి కాగితం వెళ్లిందా?

ప్రశ్న: మా ఇంటి పునాది తవ్వుతుంటే కూలీ గునపానికి మట్టిముంత తగిలింది. లోపల 43 వెండి నాణేలున్నాయి. మా తాతగారు పెరట్లో డబ్బు దాచారని నాన్న ఎప్పుడూ చెప్పేవారు. వాటిని తోమి బీరువాలో పెట్టి నెలైంది. కూలీ వాటా అడుగుతున్నాడు. కంసాలి దగ్గర కరిగించేస్తే గొడవే ఉండదని మేస్త్రి అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా హక్కు ఎలా నిలబెట్టుకోవాలి?

జవాబు: రెండు పేజీల ఉత్తరంలో పేజీన్నర తాతగారి గురించే రాశారు. కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేశారో లేదో ఒక్క ముక్క రాయలేదు. ఇవ్వలేదనే అనుకుంటున్నాను. మీ వ్యవహారమంతా ఆ కాగితం మీదే ఉంది.

1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే చాలు, ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది దొరికించుకున్నవారు కలెక్టర్‌కి తెలపాలి. నిధిని ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని పూచీ ఇవ్వాలి. 'వీలైనంత త్వరగా' అని ఉంది కానీ ఇన్ని రోజులని లేదు. అది చూసి తాపీగా ఉండకండి. ఈ నెల ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే.

చట్టం దృష్టిలో నిధి దొరికించుకున్నది కూలీ, మీరు స్థలం యజమాని. చెప్పకుండా దాస్తే అతనికి ఏడాది దాకా జైలు, దాచడానికి సాయపడితే మీకు ఆరు నెలల దాకా. ఇద్దరి వాటా ప్రభుత్వానికి పోతుంది. నాణేలు ఎవరి బీరువాలో ఉన్నాయో గుర్తు చేయనక్కర్లేదు కదా! ఇక కరిగించడమంటారా, కూలీ, మేస్త్రి, కంసాలి: ముగ్గురు సాక్షులను మీరే తయారుచేసుకుంటారు.

తాతగారి మాటకు వద్దాం. వందేళ్లలోపు దాచినదని రుజువు చేయగలిగితేనే అది మీ సొత్తు. నాన్నగారు చెప్పేవారన్నది ఒక్కటే సరిపోదు. నాణెం మీద ముద్రించిన సంవత్సరం బలమైన సాక్ష్యం, దాచింది ఆ తర్వాతే కాబట్టి. ఆ అంకెలనే మీరు తోమారు! ఇక ముట్టుకోకండి. ముంత పెంకులుంటే అవీ దాచండి.

కలెక్టర్ ప్రకటన ఇచ్చాక నాలుగు నెలలకు తగ్గకుండా, ఆరు నెలలు దాటకుండా విచారణ తేదీ వేస్తారు. ఆ రోజు హాజరై మీ హక్కు చెప్పుకోకపోతే అది పోయినట్టే. యజమాని లేని నిధి అని తేలితే, ఒప్పందం లేనప్పుడు మామూలుగా ముప్పాతిక కూలీకి, పాతిక మీకు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదోవంతు కలిపి చెల్లిస్తుంది.

కాబట్టి ఆ మూల తవ్వకం ఆపండి. నాణేలకు రెండువైపులా ఫొటోలు తీయండి. వాటాల గురించి కూలీతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, నోటీసు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాసి కలెక్టరేట్‌లో ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి, ట్రెజరీ రసీదు భద్రపరచండి. కూలీ సంతకం పెట్టనంటే మీ ఒక్కరి సంతకంతోనైనా రేపే ఇవ్వండి.