గోలి వేసినా పురుగులు మళ్లీ ఎందుకొస్తున్నాయి?

కిందటి సంచికలో నులిపురుగుల గురించి నాలుగు ముక్కలు రాస్తే, దానికి వచ్చిన ప్రశ్నలు చూసి నాకే ఆశ్చర్యమేసింది. అన్నీ వేయడానికి చోటు లేదు, ఎక్కువమంది అడిగినవి ఇవి.

మా బాబు మూడో తరగతి. బడిలో నులిపురుగుల గోలి ఇచ్చారు. ఆ రాత్రి కడుపునొప్పి అన్నాడు, తెల్లారి దొడ్డికి పోతే జానెడు పొడుగు పురుగు పడింది. గోలి వల్లే పురుగు పుట్టిందని మా అత్తమ్మ గొడవ. ఈసారి వద్దని సార్‌కు చెప్పాలా? – ఒక తల్లి, పరకాల

వద్దనకమ్మా. అది ఏలికపాము. గుడ్డు కడుపులోకి పోయినప్పటి నుంచి అది పెరిగి పెద్దదై గుడ్లు పెట్టేదాకా రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అంటే మీరు చూసింది గోలి వేయడానికి చాలా ముందు నుంచే బాబు పేగుల్లో కాపురముంటోందన్నమాట. గోలి దాన్ని బయటికి పంపింది, అంతే. ఆడపురుగు రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది, ఆ లెక్కన ఒక్కటి పోయినా ఊరికి మేలే. పురుగులు ఎక్కువున్న పిల్లలకే గోలి తర్వాత కాస్త నొప్పి, వికారం ఉంటాయి, ఒకరోజులో తగ్గిపోతాయి. ఏమన్నా తినిపించి పంపండి, గోలి నమిలి మింగమని చెప్పండి. ఆ రోజు జ్వరముంటే ఆగి, వారం తర్వాత మిగిలిపోయిన పిల్లలకు ఇచ్చే రోజున వేయించండి. కడుపు ఉబ్బి, వాంతులు ఆగకుండా, దొడ్డికి రాకుండా ఉంటే మాత్రం అది పురుగుల ఉండ పేగుకు అడ్డం పడటం కావచ్చు, ఇంట్లో వాము నీళ్లు తాగిస్తూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

చాక్లెట్లు, బెల్లం తింటే పురుగులు పడతాయా? మా పాప నిద్రలో పళ్లు నూరుతోంది, బుగ్గల మీద తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి. – హుస్నాబాద్

చాక్లెట్లతో పళ్లు పుచ్చుతాయి, పురుగులు పుట్టవు. పళ్లు నూరినా, మచ్చలొచ్చినా పురుగులేనని గోలి మీద గోలి వేయకండి. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద అని ఏడిస్తే మాత్రం నిద్రపోయాక అక్కడ టార్చి వేసి చూడండి, సన్నటి తెల్ల పురుగులు కదులుతూ కనిపిస్తాయి. అప్పుడు డాక్టర్ని అడిగి ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు వేసుకోవాలి, రెండు వారాలకు ఇంకోసారి. గోళ్లు తీయాలి, పక్కబట్టలు ఉతకాలి.

మిర్చి ఏరడానికి కూలికి పోతాను. ఆరు నెలల నుంచి ఐరన్ గోలీలు మింగుతున్నా రక్తం 8 దాటట్లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. – నర్సంపేట

అక్కా, ముందు రెండు విషయాలు చెప్పండి. గోలి వేసుకున్న వెంటనే చాయ్ తాగుతున్నారా? నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? ఈ రెండూ కాకపోతే మలపరీక్ష చేయించండి. రక్తం పోగొట్టే కొంకి పురుగు ఉందేమో తెలుస్తుంది. అది నోట్లోంచి రానక్కర్లేదు, చెప్పులు లేని పాదం చర్మంలోంచే దూరుతుంది. అక్కడ దురద, ఎర్రటి పొక్కులు వస్తాయి, మనం ఏదో ముల్లు గుచ్చుకుందనుకుంటాం. అక్కడి నుంచి రక్తంలో ఊపిరితిత్తులకు, గొంతుకు, మళ్లీ మింగితే పేగుకు చేరి గోడను కరచుకుని ఏళ్లతరబడి ఉంటుంది. వాటిలో పెద్ద రకం ఒక్కోటి రోజుకు సుమారు 0.2 మి.లీ. రక్తం పోగొడుతుంది. తక్కువే అనిపిస్తుంది గానీ, వంద ఉంటే రోజుకు 20 మి.లీ. లెక్కేసుకోండి, మీరు మింగే ఐరన్ ఎక్కడికి పోతోందో తెలుస్తుంది.

నాట్ల బురదలో చెప్పులేసుకుని ఎట్లా దిగుతామని అడుగుతారు. నిండా నీళ్లు నిలిచిన మడిలో వీటి గుడ్లు సరిగా పొదగవు, గాలి అందాలి వాటికి. అసలు ప్రమాదం తడీ నీడా ఉండే ఒడ్ల పక్కన, చెట్లమాటున, జనం చెంబు పట్టుకుని పోయే చోట. అక్కడికి మాత్రం చెప్పులు లేకుండా పోవద్దు. గర్భం ఉందేమో చూసుకున్నాకే పురుగుల మందు వేసుకోండి, మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు.

2015లో మొదలుపెట్టి, ఇప్పుడు దేశమంతా ఈ గోలీలు పంచుతున్నారు. మా ఊళ్లో ఇంటింటికీ మరుగుదొడ్డి కూడా ఉంది. మరి పురుగులు ఎందుకు పోవట్లేదు? ఇదంతా దండగ కాదా? – డిగ్రీ విద్యార్థి, జనగామ

దండగ కాదు తమ్ముడూ, కానీ సగం పనే. మేకలకు నట్టల మందు తాగించి మళ్లీ అదే బీడులో మేపితే నట్టలు రాకుండా ఉంటాయా? ఈ గోలీలో ఉండే ఆల్బెండజోల్ మందు ఆ రోజు కడుపులో ఉన్నవాటిని చంపుతుంది, రేపు వచ్చేవాటిని ఆపదు. ఏలికపాము గుడ్డు మట్టిలో ఏళ్లపాటు బతికి ఉండగలదు, క్లోరిన్ నీళ్లకు కూడా లొంగదు, మరగబెడితేనే చస్తుంది. పైగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే గోలి 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకే, పొలానికి పోయే పెద్దవాళ్ల కడుపులో ఉన్నవి అట్లాగే ఉంటాయి.

గోలి గొప్పలు కూడా మరీ ఎక్కువ చెప్పుకోవద్దు. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది చిన్నపిల్లల మీద చేసి 2013లో అచ్చు వేసిన పెద్ద అధ్యయనంలో, ఆరు నెలలకోసారి మందు ఇచ్చినా బరువులో గానీ మరణాల్లో గానీ పెద్ద తేడా కనబడలేదు. అక్కడి పిల్లల్లో పురుగుల భారం తక్కువ. భారం ఎక్కువున్న పిల్లవాడికి మాత్రం అదే గోలి ప్రాణం లేచొచ్చినట్టు పనిచేస్తుంది. ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందికి మట్టి ద్వారా సోకే ఈ పురుగులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, కాబట్టి పంచడం మానేయమని నేననను.

ఇక మరుగుదొడ్డి ఉందన్నావు, అందులో కట్టెలూ పిడకలూ పెట్టలేదు కదా? పసిపిల్లల దొడ్డి ఏమీ చేయదని పెంట మీద పారేసే ఇళ్లు ఎన్నో చూశాను, అందులోనూ గుడ్లు ఉంటాయి. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసిన ట్యాంకర్ ఎక్కడ పోస్తోందో ఒక్కసారి వెనకాలే వెళ్లి చూడు, పంచాయతీలో అడగాల్సింది అది.

మేం పందిమాంసం ముట్టం. అయినా మా అన్నకు ఫిట్స్ వస్తే, స్కానింగ్‌లో మెదడులో బద్దెపురుగు గుడ్డు ఉందన్నారు. ఎట్లా? నులిపురుగుల గోలి వేస్తే పోతుందా? – ములుగు

సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్లకు పేగులో బద్దెపురుగు రావచ్చు, మెదడులోకి పోయేది మాత్రం వాళ్ల మలంలోని గుడ్డు. అది కడగని కొత్తిమీర మీదుగా రావచ్చు, చేతులు కడుక్కోకుండా వండినవాళ్ల ద్వారా రావచ్చు, శాకాహారులకూ రావచ్చు. స్కానింగ్‌లో కనబడేది గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కట్టుకున్న తిత్తి. గోలి మాత్రం మెడికల్ షాపులో కొని మీ అంతట మీరు వేయకండి, తిత్తి ఒక్కసారిగా చచ్చి మెదడు వాస్తే ఫిట్స్ ఇంకా పెరుగుతాయి. ముందు కళ్ల పరీక్ష, తర్వాత వాపు తగ్గించే స్టెరాయిడ్‌తో కలిపి, న్యూరాలజిస్టు చెప్పినన్ని రోజులే. ఫిట్స్ మందు ఒక్కపూట కూడా ఆపొద్దు.