రిఫరెన్సులు ఎక్కువైతే సొంత పని తక్కువైనట్టా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీకి ప్రపోజల్ రాస్తోంది. ఏ పేజీ చూసినా వాళ్లు ఇలా అన్నారు, వీళ్లు అలా అన్నారనే ఉంది. సొంత సరుకు లేదంటారేమో. హైదరాబాద్‌లో 15 వేలకు రాసిచ్చేవాళ్లున్నారట. రాయించమంటారా?
- ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: వద్దండీ. పల్లె నుంచి వెళ్లిన పిల్లను ప్రొఫెసర్లు తేలిగ్గా చూస్తారేమోనన్నది మీ అసలు దిగులు. చాలామంది తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. ఎవరి మాట ఎక్కడ తీసుకుందో చెప్పిన పిల్లను ఎవరూ తేలిగ్గా చూడరు.

ఒక్క వాక్యం చూడండి. ‘నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు’ అని రాసేసి ఊరుకుంటారు. ఎవరి లెక్క అది? ప్రపంచ ఆరోగ్య సంస్థది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం హద్దు 1 మిల్లీగ్రామే; వేరే నీటి వసతి లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు. రేపు బోరులో 1.2 వస్తే ఆ నీళ్లు తాగొచ్చా లేదా? ఏ ప్రమాణం పట్టుకుందో రాస్తేనే తేలుతుంది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్ సంగతీ అంతే. దాన్ని రూపొందించిన నాగ్‌పూర్ ‘నీరి’ సంస్థ పత్రాన్ని చదివితే దాని పేరు రాయాలి; ఇంకొకరి వ్యాసంలో చదివితే ఆ వ్యాసం పేరే రాయాలి.

ఇవన్నీ చెప్పాక ‘వీళ్లు ఇది చూడలేదు, నేను చూస్తాను’ అనే చోటే అమ్మాయి సొంత పని. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చాక కూడా బోరు నీళ్లు ఎవరు, దేనికి వాడుతున్నారు? ఆ ఊళ్లు తెలిసిన పిల్లకు తట్టే ప్రశ్న అది.

ఇప్పుడు ఏఐతో రాయించడం ఫ్యాషనైంది. నాకు గట్టి అనుమానమే. లేని పేపరును కూడా రచయిత, జర్నల్, పేజీ నంబర్లతో సహా పుట్టించి ఇస్తుంది. తెరిచి చదవని రిఫరెన్సు ఒక్కటి కూడా పెట్టొద్దని చెప్పండి. కాపీ భయం ఉంటే, యూజీసీ 2018 నిబంధనల్లో వేరేవాళ్ల రాతతో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. రిఫరెన్సుల జాబితా ఆ లెక్కలోకే రాదు.

ఇక మీకు. రాయించిన ప్రపోజల్ పట్టుకుని ఇంటర్వ్యూలో కూర్చునేది మీరు కాదు. ఈ పేపర్లో ఏముందమ్మా అని అడిగితే బిడ్డ తల దించుకోవాలా? చదువుకున్న పిల్లను నమ్మకుండా దళారిని నమ్ముతారా? శోధ్‌గంగోత్రి వెబ్‌సైట్లో వేరేవాళ్ల పీహెచ్‌డీ ప్రపోజల్స్ ఉచితంగా చూడొచ్చు, నాలుగు చదవనివ్వండి. ఆ డబ్బు శాంపిళ్లకు ప్లాస్టిక్ సీసాలు, ల్యాబ్ ఫీజు, మర్రిగూడ బస్సు ఛార్జీలకు ఉంచండి.