ఆ మాటనూ ఓ మూల కూర్చోనివ్వండి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాకు 31 ఏళ్లు. 2025 మెగా డీఎస్సీలో పోస్టు రాలేదు. ఆ రోజు నాన్న ‘వీడు ఎందుకూ కొరగాడు’ అన్నారు. అప్పట్నుంచీ అదే చెవిలో మోగుతోంది. చుట్టాలు అడుగుతారని పైడితల్లమ్మ సిరిమానుకూ వెళ్లలేదు. సాయంత్రాలు గుంటలకు చెప్పే ట్యూషన్ మానేశాను. ఆ మాట తలలోంచి పోయే దారి చెప్పండి.

జవాబు: పోగొట్టే దారి నా దగ్గర లేదండీ. నాన్నగారు ఒక్కసారే అన్నారు. మిగతా వందసార్లూ అన్నది మీరే.

‘ఉప్పూకారం అద్దిన చింతకాయ’ అనుకోండి. నోరూరిందా? ఎదురుగా కాయ లేదు, ఉన్నది మాటే. చిన్నప్పట్నుంచీ మాటను వస్తువుతో, మాటను మాటతో ముడివేయడం నేర్చుకుంటాం. రెండు ముళ్లు మనం వేస్తే మూడోది దానంతటదే పడుతుంది. మీకు డీఎస్సీకీ బడికీ ముడి ఎప్పుడో ఉంది. డీఎస్సీకీ ‘కొరగాడు’కీ కొత్తగా పడింది. ఇక పుస్తకం పట్టుకున్న గుంటడు కనబడినా నాన్నగారి గొంతే వినబడుతుంది. అమెరికా మనస్తత్వవేత్త స్టీవెన్ హేస్, ఆయన తోటివాళ్లు దీన్ని రిలేషనల్ ఫ్రేమ్ థియరీ అన్నారు. ‘యాక్ట్’ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) అనే చికిత్స దీంతో పాటే పెరిగింది. బాధపెట్టే ఆలోచనను తరమకుండా ఉండనిచ్చి, మనకు ముఖ్యమైన పని చేసుకుపొమ్మంటుంది అది. హేస్ కూడా పానిక్ అటాక్‌లతో అల్లాడినవారే. భయాన్ని తరిమేకొద్దీ అది పెరిగిందని ఆయనే చెప్పుకున్నారు.

ఒక పని చేయండి. ‘కొరగాడు కొరగాడు’ అని గట్టిగా, గబగబా అర నిమిషం అనండి. (తలుపు వేసుకోండి, అమ్మగారు కంగారు పడతారు.) కాసేపటికి అర్థం జారిపోయి చప్పుడు మిగులుతుంది. వందేళ్ల కిందటే టిచెనర్ అనే మనస్తత్వవేత్త గమనించిన సంగతి ఇది. తర్వాత అర్థం మళ్లీ వస్తుంది, రానివ్వండి. అప్పుడు ‘కొరగానివాణ్ని అనే ఆలోచన వచ్చింది’ అనుకోండి. ఆలోచనకూ మీకూ మధ్య జానెడు జాగా దొరుకుతుంది.

నాన్నగారి మాట నిజమని ఒప్పుకోమనడం లేదు. 16,347 పోస్టులకు లక్షల మంది పోటీపడ్డ పరీక్ష అది. బాధ ఉందని మాత్రం ఒప్పుకోండి, దాంతో కుస్తీ మానండి.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నాకు అసలు దిగులు మీ ట్యూషన్ గురించే. పోస్టు ప్రభుత్వం చేతిలో ఉంది, పాఠం చెప్పడం మీ చేతిలోనే ఉంది కదా, దాన్నెందుకు వదిలేశారు? రేపు సాయంత్రం అరుగు మీద చాప వేయండి. ఇద్దరొచ్చినా చాలు. ఏడో ఎక్కం మధ్యలో ఆ మాట వస్తుంది. దాన్నీ ఓ మూల కూర్చోనిచ్చి, ఎక్కం పూర్తి చేయించండి.