పాత హోండా షాడో బైకు హార్లీ డేవిడ్సన్‌కి కాపీయేనా? ఇప్పుడు కొనొచ్చా?

చూడ్డానికి కాపీనే, అందులో డౌటేం లేదు. కానీ ఇంజన్ విప్పితే వేరే బండి. నేను టెక్సాస్‌లో ఉన్నప్పుడు 1985 మోడల్ షాడో 700 (వీటీ700) సెకండ్‌హ్యాండ్‌లో కొని బాగానే తిప్పాను, దాన్నిబట్టి చెప్తున్నా.

పాతకాలం నుంచీ వస్తున్న హార్లీ ఇంజన్లో రెండు పిస్టన్లూ ఒకే క్రాంక్‌పిన్ (పిస్టన్ల కడ్డీలు క్రాంక్ షాఫ్టుకి తగిలే పిన్ను) మీద ఉంటాయి, సిలిండర్ల మధ్య 45 డిగ్రీలు, ఆ అదురూ ఆ తడబడే సౌండూ అక్కణ్ణుంచే. అదురు పోవాలంటే సిలిండర్ల మధ్య 90 డిగ్రీలు పెట్టాలి, డుకాటీ చేసింది అదే, కాకపోతే ఇంజన్ పొడుగైపోతుంది. హోండా వాళ్ళు 45 డిగ్రీలు అలాగే ఉంచేసి ఒక పిన్ను బదులు రెండు పెట్టి వాటిని 90 డిగ్రీలు ఎడంగా జరిపారు. లెక్క సింపులే, 180లోంచి సిలిండర్ల కోణానికి రెట్టింపు తీసెయ్యడమే, ఇంకో చిన్న షాడో వీటీ500లో సిలిండర్ల మధ్య 52 డిగ్రీలు కాబట్టి పిన్నుల ఎడం 76 వస్తుంది. దాంతో మెయిన్ వైబ్రేషన్‌ని క్రాంక్ మీదున్న బరువులే కొట్టేస్తాయి, అదురు తగ్గించడానికి విడిగా పెట్టే బాలెన్సర్ షాఫ్టు అక్కర్లేదు. హైవే మీద గంటకి 65 మైళ్ళలో వెళ్తుంటే అద్దంలో వెనక కారు నంబర్ ప్లేటు చదవగలిగేవాణ్ణి.

సిలిండర్లకి ఫిన్నులు (గాలి తగిలే రెక్కలు) చూసి గాలితో చల్లబడే ఎయిర్ కూల్డ్ ఇంజన్ అనుకోకండి, రేడియేటర్ ముందు ఫ్రేము పైపుల మధ్య దాక్కుని ఉంటుంది. వెనక చక్రాన్ని తిప్పడానికి చైన్ లేదు, షాఫ్టు. వాల్వుల్ని కదిలించే ట్యాపెట్లు హైడ్రాలిక్, వాటి గ్యాప్ ఆయిల్ ప్రెషరే సరిచేసుకుంటుంది, సెట్టింగ్ గొడవే లేదు.

అసలు 750గా వచ్చిన బండి 700 ఎందుకైందంటే, హార్లీని కాపాడ్డానికి 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద అదనపు సుంకం వేసింది, మొదటి ఏడాది 45 శాతం. ఇంకేముంది, అమెరికాకి పంపేవాటిలో సీసీ తగ్గించేశారు.

ఇంకో తమాషా, 1995లో షాడో ఏస్ 1100 అని తెచ్చారు, అందులో హార్లీ సౌండ్ కోసం మళ్ళీ ఒకే పిన్ను! అంత కష్టపడి తీసేసిన అదురుని కావాలని తెచ్చిపెట్టుకున్నారన్నమాట. నాకైతే పాతదే ఇష్టం.

కొనేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి చూడండి, అమ్మేవాడు ముందే వేడి చేసి పెడితే అనుమానించాల్సిందే. ఏళ్ళతరబడి పెట్రోల్‌తో నిలబెట్టిన బండైతే కార్బురేటర్లు విప్పి క్లీన్ చేయించాలి, ఆ ఖర్చు రేటులో తగ్గించమని అడగండి. వెనక చక్రం దగ్గర షాఫ్ట్ గేరాయిల్ ఎప్పుడు మార్చారో కూడా అడగండి, చాలామందికి అది మార్చాలనే తెలీదు.