నడక సరే, అడగడం నేర్చుకో

బుజ్జీ,

క్యాన్సర్ పేషెంట్ల కోసం విశాఖ బీచ్ రోడ్డులో పెడుతున్న విరాళాల వాక్‌కి పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. ఐదు కిలోమీటర్లు నడవగలనా అని టెన్షన్ పడుతున్నావట. దానికేముంది, మెల్లగా నడువు. కొత్త బూట్లు ఆ రోజే తొడక్కు, మన ఉక్కపోత తెలుసుగా, నీళ్లసీసా పెట్టుకో. కష్టమంతా డబ్బు అడగడంలోనే ఉంది.

"క్యాన్సర్ వాళ్లకి ఏమైనా ఇవ్వండి" అంటే చేతికి తగిలిన పది రూపాయలు ఇచ్చి పంపేస్తారు. దేనికో చెప్పాలి. అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికి శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవాళ్లను చూడు. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలంటే మామూలుగా వారానికి ఐదు రోజులు, అలా కొన్ని వారాలు తిరగాలి. రోజూ ఊరి నుంచి రాలేరు. వైద్యం ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద గడిచినా గది అద్దె, తోడొచ్చిన మనిషి తిండి, పోయిన కూలి ఎక్కణ్ణుంచి వస్తాయి? "ఇద్దరికి ఒక రోజు భోజనం మీరు చూసుకుంటారా?" అని అడిగి చూడు, మనిషి ఆగి వింటాడు. అయితే వాక్ పెట్టేవాళ్లు డబ్బు దేనికి వాడతారో ముందు కనుక్కో. అది తెలియకుండా ఎవరి దగ్గరా చెయ్యి చాపకు.

రసీదు పుస్తకం లేకుండా కదలొద్దు. నేను మొదటిసారి డబ్బా పట్టుకుని సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా నిలబడ్డాను. మురీ మిక్చర్ బండతను ఉల్లిపాయలు తరగడం ఆపి, చెయ్యి లుంగీకి తుడుచుకుని ఇరవై రూపాయల నోటు వేశాడు. "రసీదివ్వరా అమ్మా?" అన్నాడు. నా దగ్గర లేదు. అతనేమీ అనలేదు గానీ, పక్కనున్న ఇద్దరు తీసిన డబ్బు మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. ఇంటికొచ్చి లెక్క చూస్తే 340 రూపాయలు తక్కువ. నా పర్సులోంచి వేశాను, మీ మావయ్యకి ఇప్పటికీ తెలీదు.

పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు 80జీ, అంటే విరాళం మీద పన్ను మినహాయింపు, ఉందా అని అడుగుతారు. ఆ సంస్థకి అది ఉందో లేదో కనుక్కో. ఉన్నా సరే, 2000 దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు, ఆన్‌లైన్‌లో వేయమను. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఎలాగూ రాదు. ఆశపెట్టి తర్వాత మాటపడకు.

ఇంకోటి. జనాన్ని కదిలిద్దామని జుట్టు ఊడిన పేషెంటును స్టేజి ఎక్కించి ఫొటోలు తీస్తుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. కీమో నడుస్తున్నప్పుడు ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది, అంత జనంలోకి రమ్మని పిలవడమే తప్పు. వాళ్లంతట వాళ్లు వస్తే, డాక్టరు సరేనంటే, కుర్చీ వేయించు. "క్యాన్సర్ ఏ స్టేజీ?" అని మాత్రం అడక్కు.

ఆదివారం పొద్దున్నే కాళీమాత గుడి దగ్గర ఉంటాను. మోకాళ్లు సబ్‌మెరైన్ దాకా వస్తామంటున్నాయి, ఆపైన వాటిష్టం. నా వంతు 500 తెస్తున్నాను, పెన్ను మర్చిపోకు.

మీ అత్త